లీడరక్క లెక్క

లీడర్ అనే మాట మా అత్తగారి ఊళ్ళో ఆడవాళ్ళకి అంటుకున్నది డ్వాక్రా వచ్చాకే. అంతకుముందు లీడరంటే తెల్లచొక్కా వేసుకుని జీపులోంచి దిగే మగమనిషి. సంఘాలు వచ్చాక వీధికొక ఫస్ట్ లీడరు, ఒక సెకండ్ లీడరు తయారయ్యారు. వాళ్ళు ఉపన్యాసాలు ఇవ్వలేదు, ఓట్లు అడగలేదు. పది మంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఎవరు ఎంత తెచ్చారు, ఎవరు తేలేదు, ఎవరికి అప్పు ఇవ్వాలి, ఎవరికి ఇప్పుడు కుదరదు అని పైకి మాట్లాడడమే వాళ్ళ పని. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. తోటికోడలికి ఇచ్చిన ఐదొందలు తిరిగి అడగలేక పండగలన్నీ దాటేసిన వాళ్ళకి మాత్రం అదెంత పెద్ద పనో తెలుస్తుంది.

ఈమధ్య మా అమ్మాయి ఫోన్‌కి ఒక వీడియో పంపింది. మంచి నాయకులు కావాలంటే ముందు డబ్బు గురించి మనసులో పేరుకున్న భయం, సిగ్గు, కోపం సర్దుకోవాలట. చెప్పే ఆవిడ పెద్ద పెద్ద కంపెనీల ఆఫీసర్లకి క్లాసులు తీసుకుంటుందట. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘డబ్బు నా స్నేహితురాలు’ అనుకోమంది. అద్దం సంగతి ఏమో గానీ, మొదట చెప్పిన మాట మాత్రం నిజమే అనిపించింది. అది విన్నప్పుడు నాకు ఏ ఆఫీసరూ గుర్తు రాలేదు. మా లీడరక్క గుర్తొచ్చింది.

నేను 2001లో పెళ్ళయి ఆ ఊరికి కాపురానికి వెళ్ళాను. నెల్లూరు జిల్లాలో మెట్ట ప్రాంతం. బీఏ తెలుగు చదివిన కోడలు వచ్చిందని తెలిసి, వారం తిరక్కుండానే నలుగురు ఆడవాళ్ళు వచ్చి “మా సంఘం పుస్తకాలు రాసిపెట్టు కోడలా” అన్నారు. ప్రబంధాలు చదివిన చదువు పొదుపు పుస్తకాలకి పనికొస్తుందని మా లెక్చరర్లెవరూ చెప్పలేదు. వాళ్ళకి కావలసింది గుండ్రటి చేతిరాత, తప్పు పోని కూడిక. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు అప్పుల లెడ్జరు, ఒక్కొక్కరికి ఒక చిన్న పాస్‌బుక్కు, ఇవన్నీ పదేళ్ళపాటు నేనే రాశాను. నేను సభ్యురాలిని కాను కాబట్టి మీటింగులో మాట్లాడే హక్కు లేదు. గోడకి ఆనుకుని కూర్చుని చూడడం, రాయడం, అంతే. పెన్ను పట్టుకుని మూలన కూర్చున్న మనిషికి చాలా కనిపిస్తాయి.

మా జిల్లాకి పొదుపు ఊరికే రాలేదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1992 ప్రాంతంలో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకి పోయే డబ్బులోంచి రోజుకొక రూపాయి పక్కన పెడదామని జిల్లాలో పొదుపు సంఘాలు మొదలయ్యాయి. రోజుకి రూపాయి అంటే నెలకి 30. పది మంది కలిస్తే నెలకి 300, ఏడాదికి 3,600.

ఈ వరస మర్చిపోకూడదని నేననుకుంటాను. ముందు సారా కొట్టు మూతపడింది, తర్వాత రూపాయి బయటికి వచ్చింది. ‘డబ్బు గురించి మీ ఆలోచన మార్చుకోండి, దాపరికం మానండి’ అని చెప్పేవాళ్ళు ఈ వరసని తిరగేసి చెబుతుంటారు. తాగి వచ్చి పెట్టెలు తిరగేసే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు డబ్బు దాచడం జబ్బు కాదు, జాగ్రత్త. మా అమ్మమ్మ వడ్లగాదెలో దాచేది. మా అమ్మ పోపులపెట్టెలో మెంతుల గిన్నె కింద నోటు మడిచి పెట్టేది. మా నాన్న తాగుబోతు కూడా కాదు. లెక్క చెప్పమని అడిగే మనిషి, అంతే. ఆ అడగడంలో ఉండే గొంతుకి భయపడి దాచేది.

అలా దాచిన డబ్బు కష్టం గట్టెక్కిస్తుంది. కానీ దాంతో మనిషికి పెద్దరికం రాదు. నా డిగ్రీ చివరి ఏడాది పరీక్ష ఫీజు మా అమ్మ పోపులపెట్టెలోంచి తీసి ఇచ్చింది. ఇస్తూ, “నాన్న అడిగితే మామయ్య ఇచ్చాడని చెప్పు” అంది. నేను అలాగే చెప్పాను. నన్ను చదివించింది అమ్మ, పేరు మా మేనమామది. ఇప్పటికీ మా చుట్టాల్లో ‘మేనమామే డిగ్రీ కట్టించాడు’ అని చెప్పుకుంటారు. అమ్మ పక్కనే కూర్చుని వింటూ తమలపాకులకి సున్నం రాసుకుంటూ ఉంటుంది.

సంఘం దగ్గరికి వస్తాను. నేను పుస్తకాలు అందుకునేటప్పటికి లీడరు పెద్దింటి పెద్దమ్మ. డాబా ఇల్లు, ముందు పెద్ద అరుగు, అడిగితే లేదనని చెయ్యి. అందుకే ఆమెని పెట్టుకున్నారు. ఆమెకి డబ్బు అడగడం నామోషీ. ఎవరైనా 30 రూపాయలు తేకపోతే, “పోనీలేమ్మా, నేను వేస్తాలే” అని బొడ్లోంచి తీసి తనే వేసేది. మొదట్లో అందరూ ‘ఎంత మంచి మనసో’ అనుకున్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి పన్నెండు మందిలో ఐదుగురు చేతులూపుకుంటూ రావడం మొదలుపెట్టారు. లెడ్జరులో వాళ్ళ పేర్ల ఎదురుగా నేను ‘చెల్లించినది’ అనే రాసేదాన్ని, డబ్బు పెట్టెలో పడింది కాబట్టి. పుస్తకం చూస్తే మా సంఘం మండలానికే ఆదర్శం!

పెద్దమ్మ మాత్రం లోపల ఉడికిపోతోంది. తను వేసిన ప్రతి ముప్పై ఆమెకి గుర్తుంది. ఒకరోజు మీటింగులో ఎవరో ‘అప్పు నాకెందుకు ఇవ్వరు’ అని గట్టిగా అడిగింది. అంతే, పెద్దమ్మ లేచి నిలబడింది. ఎవరికి ఎన్ని నెలలు కట్టిందో, ఎవరి బిడ్డ పురిటికి బియ్యం పంపిందో, ఎవరికి పాత చీర ఇచ్చిందో, మొత్తం ఏకరువు పెట్టింది. ఆ రోజు ఇద్దరు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయారు, మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. పెద్దమ్మ చెడ్డది కాదు. 30 రూపాయలు అడిగేటప్పుడు కలిగే ఇబ్బంది భరించలేక దానికి దయ అని పేరు పెట్టుకుంది. ఆ ఇబ్బంది రెండేళ్ళు లోపలే మరిగి ఒక్కరోజులో పొంగింది. ఇళ్ళల్లో కూడా ఇలాంటి పెద్దవాళ్ళని చూస్తుంటాం. అడగరు, మర్చిపోరు.

ఆ తర్వాత లీడరైన మనిషిని ఎవరూ అనుకోలేదు. సెంటు భూమి లేదు. పొగాకు గ్రేడింగుకి, వేరుశనగ వలుపుకి వెళ్ళేది. సంతకం తప్ప చదువు రాదు. భర్త సారాకి పోయాడు, ఇద్దరు పిల్లలు. ఆమెని ఎందుకు ఎన్నుకున్నారంటే, పెద్దింటి వాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు, అంతే. నలభై దాటిన మనిషి. అందరూ లీడరక్క అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

మొదటి మీటింగులో ఆమె చేసిన పని నా తీర్మానాల పుస్తకంలో లేదు. రాయొద్దంది. అందరూ కూర్చున్నాక, “ముందు నా సంగతి చెప్తా ఉండా. నాకు బయట తొమ్మిది వేల అప్పు ఉండాది. ఆరు వేలు షావుకారుకి, మూడు రూపాయల వడ్డీ. మూడు వేలు మా అన్న కాడ, వడ్డీ లేదు, మాటలుండాయి” అంది. అందరూ నవ్వారు. నవ్వడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకామె, “నాకు పన్నెండు” అంది. ఇంకొకామె మెడలో నల్లపూసలు చూపించి, “ఇది గిల్టుమే, అసలుది బ్యాంకులో ఉండాది” అంది. వరసగా అందరూ చెప్పారు. పక్కపక్క ఇళ్ళల్లో ఉంటూ, ఒకరి కూరలో ఉప్పు తక్కువైతే తెలిసిపోయే వాళ్ళకి, ఒకరి అప్పు ఒకరికి తెలిసింది ఆ రోజే. నేను చూసినంతలో ఆ సంఘం నిజంగా పుట్టింది ఆ మధ్యాహ్నమే.

ఆమెకి డబ్బంటే భయం లేదని కాదు. బాగా ఉంది. బ్యాంకు నుంచి మొదటిసారి లక్ష రూపాయలు వచ్చినప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళింది. కౌంటరు దగ్గర నోట్లు అందుకునేటప్పుడు ఆమె చేతులు వణికాయి. “కోడలా, నువ్వొకసారి, నేనొకసారి, ఆ సెకండు లీడరొకసారి లెక్కపెడదాం. నాకు భయంగా ఉండాది” అంది, క్యాషియరుకి వినపడేలాగే. భయంగా ఉందని చెప్పి మూడుసార్లు లెక్కపెట్టించింది. భయం బయటపడకూడదని గబగబా సంచిలో వేసుకునే మనుషుల్ని నేను చాలామందిని చూశాను, మగవాళ్ళలో మరీ.

ఊరికి వచ్చాక ఎవరు ముందు తీసుకోవాలనే మాట వచ్చింది. చాలా సంఘాల్లో లీడర్లే ముందు తీసుకునేవాళ్ళు, దాని మీద గొడవలు. మా వాళ్ళు ఆమెని పొగుడుతూ, “నువ్వు చివర తీసుకుంటావులే అక్కా, నీది పెద్ద మనసు” అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చీటీలు వేయించింది, తన పేరూ వేసింది. “నేను చివర తీసుకుంటే మీరు నన్ను దేవతని చేస్తారు. దేవతని ఎవురూ లెక్క అడగరు. నన్ను అడగాల” అంది. ఆమె చీటీ నాలుగోది వచ్చింది. పది వేలు తీసుకుని షావుకారు అప్పు తీర్చి, మిగిలినదానికి గొర్రెపిల్లల్ని కొంది.

డబ్బుపెట్టె ఆమె ఇంట్లో, తాళంచెవి వేరే వీధిలో ఇంకొకామె దగ్గర. ఇది సంఘాలకి చెప్పిన పద్ధతే, కొత్తదేం కాదు. చాలామంది లీడర్లు ‘నా మీద నమ్మకం లేదా’ అని దీనికి అలిగేవాళ్ళు. ఈమె మాత్రం తాళం ఇచ్చేశాక, “ఇప్పుడు హాయిగా నిద్ర పడతాది” అని ఇంటికి వెళ్ళింది. నన్ను లెక్క అడిగితే నా పరువు పోయినట్టే అనుకునేవాళ్ళం కదా మనం. మా ఆయన కిరాణా బిల్లు అడిగితేనే నా ముఖం ముడుచుకునే రోజులవి. ఆమె ముఖంలో ఆ ముడుత ఎప్పుడూ కనపడలేదు. అడిగితే చెప్పేది, ఎంత చిన్నదాన్ని ఎవరు అడిగినా.

బాకీ అడగడంలో కూడా ఆమెకో పద్ధతి ఉండేది. ఎవరి గడపకీ వెళ్ళి అడిగేది కాదు. మొగుడి ముందు, అత్త ముందు అసలే అడగదు. మీటింగులో అందరూ గుండ్రంగా కూర్చున్నాక ఒక పక్క నుంచి వరసగా, “నీ లెక్క ఎంతమే?” అని అడుగుతూ పోయేది. కట్టినామెని మెచ్చుకోదు, కట్టనామెని తిట్టదు. “రెండు నెలలు” అని ఎవరైనా అంటే, “ఎప్పటికి?” అని అడిగి నా వైపు తిరిగి, “రాయి కోడలా” అనేది. ఆ గొంతు ఎలా ఉండేదంటే, ‘వాన పడిందా’ అని అడిగినట్టు ఉండేది. ఆ గొంతు కోసమే కట్టేవాళ్ళు అనిపిస్తుంది నాకు.

పావలా వడ్డీ వచ్చిన రోజులు మా సంఘానికి మంచి రోజులు. వందకి నెలకి పావలా, అంటే ఏడాదికి 3 శాతమే మన మీద పడేది, సమయానికి కట్టినవాళ్ళకి మిగతా వడ్డీ ప్రభుత్వం ఇచ్చేది. అదే సమయంలో ఊళ్ళోకి ఇంకో రకం అప్పులు కూడా వచ్చాయి. సూక్ష్మరుణాల కంపెనీల కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, మీటింగుల్లేకుండా, తీర్మానాల్లేకుండా, వారంలో డబ్బు చేతిలో పెట్టేవాళ్ళు. పది వేలు తీసుకుంటే వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. ‘పన్నెండున్నర శాతమే కదా’ అని వాళ్ళు చెప్పేది.

లీడరక్క చింతగింజలు తెచ్చి నేలమీద పోసింది. “పది వేలు ఏడాదంతా నా చేతిలో ఉంటే కదా పన్నెండున్నర? రెండో వారం నుంచే తిరిగి ఇచ్చేస్తా ఉండానే. సగం ఏడాది అయ్యేసరికి నా చేతిలో ఉండేది సగమే. వడ్డీ మాత్రం మొత్తానికి” అంది. నేను కాగితం మీద వేసి చూస్తే నిజమే, అసలు వడ్డీ దగ్గరదగ్గర రెట్టింపు, ఇంచుమించు 24 శాతం. డిగ్రీ చదివిన నేను కాగితం మీద తేల్చినదాన్ని ఆమె గింజలతో ముందే తేల్చేసింది.

2010లో ఒకామె రెండు నెలలు మీటింగుకి రాలేదు. పొద్దున్నే ఇంటికి తాళం, రాత్రి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో పేపరు తీస్తే వారం వాయిదాలు కట్టలేక ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్ళ వార్తలే. లీడరక్క ఒక రాత్రి తొమ్మిదింటికి నన్ను తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళింది. గడపకి వెళ్ళి అడగని మనిషి వెళ్ళింది. ఆమె తలుపు సగమే తీసింది. లీడరక్క ‘ఎందుకు రాలేదు’ అని అడగలేదు. లోపలికి వెళ్ళి నేలమీద కూర్చుని, “ఎన్ని చోట్లమే?” అంది.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది. నా చేతిసంచిలో ఉన్న నోటుపుస్తకం వెనక అట్టమీద రాశాను. ఒక కంపెనీకి ఇంకా 28 వారాలు, 6,300. ఇంకో కంపెనీకి వారానికి 270 చొప్పున 31 వారాలు, 8,370. ఊళ్ళో ఒకాయన దగ్గర 15,000, ఐదు రూపాయల వడ్డీ. అంగడిలో 3,200. మన సంఘానికి 6,000. మొత్తం 38,870. వారం వాయిదాలే 495. అప్పట్లో ఆడకూలి రోజుకి వంద రూపాయల చుట్టూ ఉండేది. వారమంతా పనికి వెళ్ళినా ఆ డబ్బు ఆ రెండు వాయిదాలకే. ఆ ఊళ్ళో ఆయన వడ్డీ నెలకి 750, అసలు కదలదు.

మొత్తం కూడి నేను అంకె చదివినప్పుడు ఆమె ముఖం చూశాను. ‘నేను లక్ష ఉంటుందనుకున్నాను’ అంది. అప్పుని ఎప్పుడూ కూడి చూసుకోలేదు. కూడితే చచ్చిపోవాలనిపిస్తుందని భయం. కూడాక అది 38,870. పెద్దదే, కానీ అంకె.

ఆ తర్వాతి మీటింగు నాకు బాగా గుర్తుంది. అంతా పోట్లాటే. ‘సమయానికి కట్టేవాళ్ళకి ఇవ్వకుండా, ఎగ్గొట్టినామెకి ఇస్తారా’ అని సగం మంది. న్యాయమైన ప్రశ్నే. లీడరక్క అందరి మాటా అయ్యేదాకా చెవిలో పుల్ల పెట్టుకుని కూర్చుంది. చివరికి తేలిందేమిటంటే, వారం వాయిదాలకి సంఘం పైసా ఇవ్వదు. 15,000 మాత్రం రూపాయి వడ్డీకి ఇస్తుంది, నెలకి 500 అసలు కట్టాలి. అదీ ఊళ్ళో ఆయన ప్రోనోటు వెనక్కి తెచ్చి అందరి ముందు చింపితేనే. 750 పోయే చోట మొదటి నెల వడ్డీ 150. అసలుతో కలిపినా 650, పైగా అప్పు తగ్గుతూ వస్తుంది. ఆమె మొగుడూ అత్తా కూడా వచ్చి వేలిముద్రలు వేశారు. ఆ అక్టోబరులోనే బలవంతపు వసూళ్ళకి అడ్డుకట్ట వేస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మోటారు సైకిళ్ళు రావడం తగ్గింది.

కథ ఇక్కడితో అయితే బాగుండేది. రెండు నెలలకి ఆమె కూతురు పెద్దమనిషి అయింది. ఫంక్షన్ చేయాలి, షామియానా, భోజనాలు, ఫొటోలు. సంఘంలో ఇంకో 10,000 అడిగింది. ‘నలుగురిలో పరువు అక్కా, ఒక్కగానొక్క ఆడపిల్ల’ అని కాళ్ళావేళ్ళా పడింది. అప్పుడు పెట్టెలో డబ్బుంది. చాలామంది మెత్తబడ్డారు, నేనూ లోలోపల ‘ఇస్తే బాగుండు’ అనుకున్నాను. లీడరక్క, “ఫంక్షన్‌కి వస్తా. తెల్లారుజామునే వచ్చి పొయ్యి కాడ కూర్చుంటా. డబ్బు మాత్రం ఈ పెట్టెలోంచి ఇయ్యను” అంది. కోపం లేదు, జాలీ లేదు, క్షమాపణా లేదు. ఆమె నానా మాటలు అంది, ‘నువ్వూ పేదదానివేగా, నీకు తెలియదా’ అని కూడా అంది. లీడరక్క ఆ మాటకి కళ్ళు వత్తుకుంది గానీ మాట మార్చలేదు. ఫంక్షన్ రోజు అన్నట్టుగానే వెళ్ళి ముప్పై మందికి వండింది. వండినంతసేపూ ఆ తల్లి ఈమెతో మాట్లాడలేదు.

‘వద్దు’ అని చెప్పాక అవతలివాళ్ళ కోపాన్ని మోయగలగాలి. నాకు తెలిసిన మంచి ఆడవాళ్ళలో చాలామందికి ఇదే చేతకాదు. మనకి డబ్బూ ప్రేమా ఒకే కొంగున ముడివేసి నేర్పారు. ఇవ్వకపోతే ప్రేమ లేనట్టు, అడిగితే స్వార్థం ఉన్నట్టు. ఆమెకి ఆ రెండు ముళ్ళూ వేరువేరుగా ఉండేవి. అందుకే పొయ్యి దగ్గర కూర్చోగలిగింది, పెట్టె మూసి ఉంచగలిగింది.

పిల్లల చదువుకని మేం 2011లో నెల్లూరు వచ్చేశాం. వచ్చిన మొదటి నెల నుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టాను. ప్రతి నెల మొదటి ఆదివారం టిఫిన్లు అయ్యాక, జీతం ఎంత, అద్దె ఎంత, చీటీ ఎంత, స్కూలు ఫీజు ఎంత, పైకి చదవడం. మా ఆయనకి మొదట్లో బొత్తిగా నచ్చలేదు. “పిల్లల ముందు ఇవన్నీ ఎందుకు, వాళ్ళకి బెంగ” అన్నారు. ఆయన బెంగ పిల్లల గురించి కాదని నాకు తెలుసు. తన జీతం అంకె కొడుకు చెవిన పడడం ఆయనకి కష్టం. తొందరపెట్టలేదు. మొదటి ఏడాది ఖర్చులే చదివాం. జీతం అంకె ఆయనే ఒక ఆదివారం, పేపరు మడిచి పక్కన పెట్టి, తనంతట తను చెప్పారు.

దాని విలువ 2020లో తెలిసింది. లాక్‌డౌన్‌లో ఆయన జీతం నాలుగు నెలలు సగమైంది. ఆ సంగతి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన పది నిమిషాలకే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పారు. మా పక్క వాటాలో ఉండే ఆయన ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆ తేడా మా ఆయన మంచివాడు, ఆయన చెడ్డవాడు అని కాదు. మా ఇంట్లో అంకెలు పలకడానికి నోళ్ళు అలవాటుపడి ఉన్నాయి.

ఆ నాలుగు నెలలు ఇల్లు నేను నడిపాను. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు, ఇంటి ఓనరమ్మతో ఏం మాట్లాడాలి, చీటీ ఈ నెలే పాడుకుందామా అన్నీ నేనే చెప్పాను, అందరూ విన్నారు. ఓనరమ్మకి ఫోన్ చేసేటప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. “రెండు నెలలు సగం అద్దె ఇస్తాను, మిగతాది దసరా నుంచి నెలకి వెయ్యి చొప్పున కలిపి ఇస్తాను, అడగడానికి ఇబ్బందిగానే ఉంది ఆంటీ” అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, “కాగితం మీద రాసి పంపమ్మా” అంది. రాసి పంపాను.

లీడరక్క తర్వాత తనే అడిగి లీడరు పదవి దిగిపోయింది. ఇప్పుడు వరసలో కూర్చుని కొత్త లీడరుని లెక్క అడుగుతుంది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కొత్తగా పుస్తకాలు రాస్తున్న అమ్మాయి పాత లెడ్జర్లు బీరువాలోంచి తీసి చూపించింది. ఆ 15,000 అప్పు పేజీ వెతికాను. మొదట్లో నా చేతిరాత, తర్వాత వేరే చేతిరాత. నెలనెలా 500. 2013 మే నెల దగ్గర ఎర్ర సిరాతో ‘చెల్లు’ అని ఉంది. ఆ ఫంక్షన్ పిల్లకి పెళ్ళయి ఒక బాబు కూడానట. తల్లి మాత్రం లీడరక్కతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది, మీటింగులో పక్కపక్కనే కూర్చుంటారు.